బొగ్గు తీశాక నేల తిరిగి నేల కావాలంటే

పెరంబూరులో మా చిన్నాన్న వాళ్ల మిద్దె మీద పదిపన్నెండు కుండీలున్నాయి. ఆయన ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో పాతికేళ్లకు పైగా డంపర్ నడిపి, రిటైరయ్యాక కొడుకు దగ్గర ఉందామని చెన్నై వచ్చేశారు. మొన్న ఒక ఆదివారం మిరపనారు నాటుతూ, మొక్క నిలబడాలని చుట్టూ మట్టిని అరచేత్తో గట్టిగా అదుముతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. “గట్ల అదుమకురా, వేరుకు ఊపిరి ఆడది” అన్నారు. గనిలో మట్టిగుట్ట మీద డంపర్లు తిరిగిన చోట నాటిన మొక్కలు మూడేళ్లయినా మోకాలి ఎత్తు దాటలేదనీ, గుట్ట అంచున ఆఖరి ట్రిప్పుల్లో పోసి డోజరు ఎక్కకుండా వదిలేసిన కుప్పల మీద మాత్రం ఎవరూ నాటకుండానే నేరేడూ మోదుగా మొలిచాయనీ ఆ పూటే చెప్పారు. గనులు తవ్విన భూమిని బాగుచేయడం గురించి నేను చదివిన నివేదికలన్నిటిలో ఉన్న చిక్కు ఆ రెండు మాటల్లో ఉందని నాకు అనిపించింది.

చెన్నైలో ఉండేవారికి గని కనబడదు కానీ దాని అవసరం రోజూ ఉంటుంది. మనకు దక్షిణాన సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, కడలూరు జిల్లాలో, నైవేలి లిగ్నైట్ గనులున్నాయి, లిగ్నైట్ అంటే గోధుమరంగు నాసిరకం బొగ్గు. ఉత్తర చెన్నై విద్యుత్ కేంద్రాలకు ఒడిశాలోని తాల్చేరు వైపు నుంచి బొగ్గు రైలులో పారాదీప్ చేరి, అక్కడి నుంచి ఓడలో ఎన్నూరు వస్తుంది. తెలుగు కుటుంబాలలో చాలామందికి సింగరేణితో బంధుత్వం ఉండనే ఉంది. ఈ బొగ్గులో ఎక్కువ భాగం ఇప్పుడు వచ్చేది భూగర్భ గనుల నుంచి కాదు, పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి. అంటే కరెంటు కోసం మనం వాడుకుంటున్నది బొగ్గునొక్కదాన్నే కాదు, ఆ బొగ్గుకు పైన ఉన్న పొలాన్నీ అడవినీ చెరువునూ కూడా.

బొగ్గు అయిపోయాక ఆ భూమి ఏమవుతుందన్న ప్రశ్నకు వార్తలలో సాధారణంగా వచ్చే జవాబు “పునరుద్ధరిస్తారు” అన్న ఒక్క మాట. ఆ ఒక్క మాట కింద నాలుగు వేరువేరు పనులు దాగి ఉన్నాయి. గుట్టలను చదునుచేసి, కూలిపోకుండా నిలబెట్టడం ఒకటి. దాని మీద గడ్డో చెట్టో మొలిపించి దుమ్ము లేవకుండా చేయడం రెండవది. ఆ భూమిని వ్యవసాయానికో పశువుల మేతకో చేపల చెరువుకో పనికి వచ్చేలా చేయడం మూడవది. పూర్వం అక్కడ ఉన్న అడవి లాంటి అడవిని, దానిలోని జీవజాలంతో సహా, మళ్లీ రప్పించడం నాలుగవది. మొదటి రెండూ కొన్నేళ్లలో పూర్తవుతాయి, ఫోటోలో కూడా బాగా కనిపిస్తాయి. మూడవదానికి ఒక తరం పట్టవచ్చు. నాలుగవది ఎంతకాలానికి సాధ్యమో చెప్పడం కష్టం. రెండవ పని పూర్తిచేసి నాలుగవదాని పేరు పెట్టుకోవడం వల్లనే ఈ విషయంలో ఇంత అయోమయం ఏర్పడిందని నా అభిప్రాయం. మూడూ నాలుగూ సాధ్యమవుతాయా లేదా అన్నది గని మూసిన రోజున తేలేది కాదు, గని మొదలుపెట్టిన రోజున మొదటి డోజరు పైమట్టిని గీకిన తీరులోనే చాలావరకు తేలిపోతుంది. ఎందుకో అర్థం కావాలంటే తవ్వకం జరిగే వరసను చూడాలి.

భూమి మీద మొట్టమొదట ఉండేది జానెడో మూరెడో మందం ఉన్న పైమట్టి. దాని కింద పదుల మీటర్ల లోతు వరకు ఇసుకరాయి, బంకమన్ను, నల్లటి పలకరాయి పొరలు ఉంటాయి. వీటన్నిటినీ కలిపి గనివాళ్లు ఓబీ అంటారు, ఓవర్‌బర్డెన్‌కు అది పొట్టి పేరు. దాని కింద బొగ్గు పొర. నైవేలిలో ఒక టన్ను లిగ్నైట్ తీయడానికి అయిదు ఘనపు మీటర్లకు పైగా ఓబీని తొలగించవలసి వస్తుంది. మొదటి కోత నుంచి వచ్చిన ఓబీని పోయడానికి గొయ్యి ఇంకా తయారై ఉండదు కనుక దాన్ని బయట ఇంకొక భూమి మీద గుట్టగా పోస్తారు. తవ్వకం ముందుకు సాగేకొద్దీ వెనుక ఖాళీ అయిన చోటును కొత్త ఓబీతో నింపుకుంటూ వస్తారు. రాయి పగిలితే వదులై పెరుగుతుంది. గట్టి నేలలో వంద ఘనపు మీటర్లు ఉన్నది పగిలాక నూట ఇరవై, నూట ముప్పై అవుతుంది, ఏళ్ల తరబడి కుంగినా మళ్లీ వందకు దిగదు. అయినా చివరి కోత దగ్గర నింపడానికి మట్టి మిగలదు, ఎందుకంటే మొదటి కోత మట్టి ఎక్కడో దూరాన గుట్టగా ఉండిపోయింది. అందుకే దాదాపు ప్రతి పెద్ద గనీ ఒక చివర గుట్టనూ ఇంకొక చివర గోతినీ మిగిల్చి వెళుతుంది. నింపిన నేల ఆ రెండింటి మధ్యన ఉంటుంది.

ఇక పైమట్టి విషయానికి వస్తే, ఈ కథలో అసలు పాత్ర దానిదే. ఒక అంగుళం పైమట్టి తయారు కావడానికి ప్రకృతికి వందల ఏళ్లు పడుతుంది. దానిలో ఆ చోటి గడ్డి గింజలు, చెట్ల గింజలు, నత్రజనిని పట్టి ఇచ్చే బ్యాక్టీరియా, వేళ్లను అల్లుకుని భాస్వరాన్ని అందించే శిలీంధ్రాలు, వానపాములు, చెదలు అన్నీ ఉంటాయి. పాలు ఎన్ని బిందెలున్నా తోడు లేనిదే పెరుగు తోడుకోదు. ఓబీ గుట్టకు పైమట్టి అలాంటి తోడు. పలచగా పరిచినా చాలు, గింజనూ సూక్ష్మజీవినీ అదే తీసుకువస్తుంది. కానీ తోడు కూడా నిల్వ ఉంటే చెడిపోతుంది. పైమట్టిని ఎత్తుగా కుప్ప పోసి అయిదారేళ్లు అలా వదిలేస్తే, లోపలి భాగానికి గాలి అందక శిలీంధ్రాలు చచ్చిపోతాయి, గింజలు మొలకెత్తే శక్తిని కోల్పోతాయి, వానలకు పోషకాలు కొట్టుకుపోతాయి. తడి మీద గీకితే గుల్లతనం పోయి ముద్దకడుతుంది. అందుచేత దాన్ని పొడి రోజుల్లో విడిగా గీకడం, వీలైతే ఆ రోజే వెనుక నింపిన చోట పరచడం, వీలుకాకపోతే తక్కువ ఎత్తు కుప్పగా పోసి పైన పప్పుజాతి మొక్కలు చల్లి ఉంచడం సరైన పద్ధతి. అనుమతి పత్రాలలో ఈ మాటలన్నీ రాసి ఉంటాయి. ఉత్పత్తి లక్ష్యం తరుముతున్నప్పుడు, పైమట్టికి వేరే డంపర్లూ వేరే చోటూ కేటాయించడం బరువనిపించినప్పుడు, అది ఓబీలో కలిసిపోతుంది. ఒకసారి కలిసిందా, ఎంత ఖర్చుపెట్టినా దాన్ని ఏరి తీయలేము.

పైమట్టి లేని ఓబీ మీద మొక్క పెంచడమంటే రాతిపొడిలో పెంచడమే. దానిలో నత్రజని దాదాపు ఉండదు. నీరు పోస్తే రాళ్ల సందుల్లోంచి జారిపోతుంది, లేదా పైన బంక పొర కట్టి లోపలికే దిగదు. నల్లటి పలకరాయి పొడి మే నెల ఎండకు చెప్పులు లేకుండా కాలు మోపలేనంతగా కాలుతుంది, లేత మొలక కాండం నేలను తాకే చోటనే మాడిపోతుంది. ఇక్కడ ప్రయోగశాల కూడా ఒక పొరపాటుకు తావిస్తుంది. మట్టి సారాన్ని తెలుసుకోవడానికి సేంద్రియ కర్బనం ఎంత ఉందో కొలుస్తారు. గని మట్టిలో బొగ్గు నలుసులు కలిసి ఉంటాయి కనుక మామూలు పరీక్షలో ఆ బొగ్గు కూడా కొంతవరకు కర్బనంగానే లెక్కకు వస్తుంది. కాగితం మీద నేల సారవంతమైనదిగా కనిపిస్తుంది, మొక్కకు మాత్రం ఆ బొగ్గు వల్ల ఒరిగేది ఏమీ లేదు. కుళ్లిన ఆకు నుంచి వచ్చిన కర్బనాన్నీ, కోట్ల ఏళ్లనాటి బొగ్గు కర్బనాన్నీ వేరుచేసి చూపని నివేదికను నేనైతే నమ్మను.

చిన్నాన్న చెప్పిన అదుముడు సంగతి వీటన్నిటికంటే గట్టి అడ్డంకి. మంచి పొలం మట్టి ఘనపు సెంటీమీటరుకు సుమారు 1.3 గ్రాముల బరువు తూగుతుంది. వంద టన్నుల సరుకు మోసే డంపర్లూ వాటి వెనుక డోజర్లూ మళ్లీ మళ్లీ తిరిగిన చోట అది 1.7, 1.8 దాటిపోతుంది, ఆ గట్టిదనంలోకి చాలా మొక్కల వేళ్లు చొరబడలేవు. అలాంటి చోట ఎండిపోయిన మొక్కను పీకి చూస్తే గుంత తవ్విన మేరకు వేరు సూటిగా దిగి, అక్కడ గోడకు తగిలినట్టు మడతపడి, గుంత అంచు వెంటే చుట్టుకుని ఉంటుంది. కుండీలో పెరిగిన మొక్కకూ దానికీ తేడా లేదు. వాన వచ్చినప్పుడు ఆ గుంతలో నీరు నిలిచి వేరు కుళ్లుతుంది, వాన పోయాక అదే గుంత ఎండి మొక్క చస్తుంది.

అమెరికా ఈ పాఠం నేర్చుకోవడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. అక్కడ 1977లో ఉపరితల గనుల తవ్వకాన్ని నియంత్రించే చట్టం వచ్చింది. పైమట్టిని కాపాడాలనీ, భూమిని దాదాపు పూర్వపు ఎత్తుపల్లాలకు తేవాలనీ, అనుమతి ఇవ్వకముందే పూచీసొమ్ము కట్టాలనీ, మొక్కలు వేశాక కనీసం అయిదేళ్లు, వర్షం తక్కువ పడే చోట పదేళ్లు, కంపెనీయే బాధ్యత వహించాలనీ అది శాసించింది. చట్టం మంచిదే. కానీ కొండచరియలు జారకూడదన్న పట్టుదలతో అపలాచియన్ కొండలలో మట్టిని రోలరు తొక్కించినట్టు గట్టిపరిచి, దాని మీద దట్టంగా పెరిగే గడ్డిని చల్లారు. గడ్డి బాగా వచ్చింది, అడవి రాలేదు. తర్వాత 2004 ప్రాంతంలో అక్కడి ప్రభుత్వ సంస్థలూ విశ్వవిద్యాలయాలూ కలిసి పద్ధతి మార్చాయి. పైన కనీసం నాలుగడుగుల మందం వదులు మట్టి ఉండాలి, దాన్ని ఒకటి రెండుసార్లకు మించి యంత్రంతో తొక్కించకూడదు, గడ్డి పలచగానే వేయాలి. చూడ్డానికి దున్ని వదిలేసినట్టు గరుకుగా ఉండే ఆ నేలలోనే గట్టి కలప జాతి చెట్లు బాగా నిలదొక్కుకున్నాయి. నున్నగా కనిపించే నేలను అందంగా భావించే మన కళ్లకు ఇది ఒక పట్టాన నచ్చదు.

అలాగని గుట్టను ఎలాగోలా వదులుగా పోసి వదిలేయడానికీ వీలులేదు. జార్ఖండ్‌లోని రాజమహల్ ఓపెన్‌కాస్ట్ గనిలో 2016 డిసెంబరు 29న ఓబీ గుట్ట జారి 23 మంది చనిపోయారు. ఇలాంటి ప్రమాదాలు జరగకూడదనే మన పర్యావరణ అనుమతులలో గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలు మించకూడదన్న షరతు సర్వసాధారణంగా కనిపిస్తుంది. లోపల గట్టిగా, మెట్లుమెట్లుగా, అడుగున రాతిగోడతో, చుట్టూ మురుగు కాలువలతో గుట్టను నిలబెట్టి, పైపొరను మాత్రం వదులుగా ఉంచాలి. ఈ రెండింటినీ కలిపి చేయడంలోనే ఇంజనీరు నేర్పు ఉంది. మొదటి వానకాలం గడవడం ముఖ్యం. వాలు మీద కొబ్బరిపీచు వలలు పరిచి, వట్టివేరు, స్టైలో, దీనానాథ్ గడ్డి లాంటివి వేస్తే చినుకు నేరుగా మట్టిని కొట్టకుండా ఆగుతుంది. పశువుల ఎరువూ చక్కెర మిల్లుల్లో చెరకురసం వడగట్టగా మిగిలే ప్రెస్‌మడ్డూ కలిపిన గుంతల్లో, శిలీంధ్రాల కల్చర్ వేసి మొక్క నాటితే బతికే మొక్కల సంఖ్య పెరుగుతుంది.

ఏ చెట్టు నాటాలన్న తగువు పాతదే. సుబాబుల్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆకేసియా, యూకలిప్టస్ గని గుట్టల మీద విరివిగా కనిపిస్తాయి. మొదటి రెండూ నత్రజనిని తామే సమకూర్చుకుంటాయి, పశువులు ఆకేసియా జోలికి అంతగా పోవు, మూడేళ్లలో గుట్ట పచ్చబడుతుంది. వీటిని పూర్తిగా తప్పుపట్టడం న్యాయం కాదు, మండే రాతిపొడి మీద నీడనిచ్చే మొదటి చెట్టుకు విలువ ఉంది. తప్పు అక్కడితో ఆగిపోవడంలో ఉంది. ఆకేసియా ఆకు తొందరగా కుళ్లదు, దాని నీడలో ఇంకో మొక్క లేవడం కష్టం. నాలుగయిదేళ్లకు వాటిని పలచబరిచి, మధ్యలో వేప, నేరేడు, ఉసిరి, కానుగ, ఇప్ప, తునికి, వెదురు నాటితేనే పిట్టలూ చీమలూ తర్వాతి పనిని అందుకుంటాయి. ఇప్పపువ్వూ తునికాకూ ఆ చుట్టుపక్కల ఊళ్లకు ఒకప్పటి జీవనాధారాలు కూడా.

కానీ మన లెక్కలు దీన్ని పట్టుకోవు. బొగ్గు గనుల్లో సాధారణంగా హెక్టారుకు 2,500 మొక్కల చొప్పున నాటి, ఎన్ని బతికాయో లెక్కిస్తారు. కోల్ ఇండియా తరఫున దాని ప్రణాళికా సంస్థ సీఎంపీడీఐ పెద్ద గనులను ఏటా ఉపగ్రహ చిత్రాలతో పరిశీలించి, ఎంత భాగం నింపారో, ఎంత భాగం మీద మొక్కలు వచ్చాయో ప్రకటిస్తుంది. ఇది మెచ్చుకోదగిన పనే, ఎందుకంటే నాటని మొక్కను నాటినట్టు చూపడం దీనివల్ల కష్టమవుతుంది. అయితే ఆకాశం నుంచి చూస్తే ఆకేసియా తోటా మిశ్రమ అడవీ రెండూ పచ్చగానే ఉంటాయి. నేల కోలుకుంటోందా అన్నది తెలియాలంటే కిందికి దిగి వేరే సంగతులు చూడాలి. పోసిన నీరు ఎంతసేపటికి ఇంకుతోంది, రాలిన ఆకు ఏడాదిలో మట్టిలో కలుస్తోందా, ఎవరూ నాటని మొలకలు చెట్ల కింద ఎన్ని లేచాయి, గడ్డపార ఎంత లోతుకు దిగుతోంది అన్నవాటిని కొలవడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

నీటి సంగతి చెన్నైవాసులకు మరింత దగ్గరిది. నైవేలిలో 1961లో మొదటిసారి లిగ్నైట్ బయటపడేనాటికే అక్కడి ఇంజనీర్లు ఒక విచిత్రమైన శత్రువుతో పోరాడారు. లిగ్నైట్ పొర కింద ఒత్తిడితో నిండిన నీటిపొర ఉంది, దాన్ని తోడి ఒత్తిడి తగ్గించకపోతే గని అడుగు పగిలి నీరు ఎగదన్నుతుంది. అందువల్ల టన్ను లిగ్నైట్ కోసం ఎన్నో టన్నుల నీటిని రాత్రింబవళ్లు తోడుతూనే ఉండాలి. కరువు ఏళ్లలో నైవేలి ప్రాంతపు బోర్ల నీరు చెన్నై కుళాయిలకు కూడా వచ్చింది. గని మూసి పంపులు ఆపిన రోజు ఆ నీరు మళ్లీ పైకి వస్తుంది. నింపిన భాగంలో పూర్వపు పొరల వరస చెదిరిపోయింది కనుక అది పాత దారిలోనే ప్రవహిస్తుందని అనుకోలేము. చివర మిగిలిన గొయ్యి లోతైన చెరువవుతుంది. దాని నీరు ఎలా ఉంటుందన్నది రాతిలోని గంధకం మీద ఆధారపడుతుంది. ఇనుమూ గంధకమూ కలిసిన పైరైట్ గాలికీ నీటికీ తగిలితే గంధకామ్లం పుడుతుంది. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ, మేఘాలయ, అస్సాం బొగ్గులో చాలా ఎక్కువ. జర్మనీలోని లౌజిట్స్ ప్రాంతంలో పాత లిగ్నైట్ గోతులను వరసగా సరస్సులుగా మార్చారు, వాటి ఆమ్లాన్ని విరచడానికి పడవల మీద తిరుగుతూ సున్నం కలుపుతున్నారు. గోతిని చెరువు చేస్తామని ఒక్క వాక్యంలో తేల్చేసే ప్రణాళికలు ఈ దీర్ఘకాలపు ఖర్చును ఎక్కడా చూపవు.

ఖర్చు మాట వచ్చింది కనుక, మన దేశంలో బొగ్గు గని మూసివేతకు మార్గదర్శకాలు 2009 ఆగస్టులో వచ్చాయి. అంతకుముందు బొగ్గు అయిపోయిన గనిని అలాగే వదిలేసి పోవడానికి పెద్ద అడ్డు లేదు. ఓపెన్‌కాస్ట్ గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయల చొప్పున లెక్కగట్టి, ఏటా కొంత సొమ్మును ఎస్క్రో ఖాతాలో, అంటే పని చేసి చూపేదాకా కంపెనీ ముట్టుకోలేని ఖాతాలో, వేయాలన్నది వాటి సారాంశం. 2020లో ఆ మొత్తాన్ని 9 లక్షలు చేశారు, 2025లో మార్గదర్శకాలను మళ్లీ సవరించారు. తవ్వుతూనే పూడ్చుకుంటూ వచ్చిన పనికి గాను కొంత సొమ్ము వెనక్కి తీసుకోవచ్చు. సుప్రీంకోర్టు 2020 జనవరి 8న, తవ్విన భూమిలో మళ్లీ గడ్డి పెంచి పశువులకూ వన్యప్రాణులకూ పనికివచ్చేలా చేయాలన్న షరతును గని లీజులలో చేర్చాలని ఆదేశించింది. గడ్డిని చెట్టు కంటే తక్కువగా చూసే మన అలవాటుకు ఆ ఆదేశం మంచి సవరణ.

ఇన్ని చేసి నేల నిజంగానే కోలుకుంటే, అది ఎవరిది? 1957 నాటి బొగ్గు ప్రాంతాల సేకరణ చట్టం కింద తీసుకున్న భూమి కేంద్ర ప్రభుత్వానికీ, దాని ద్వారా కంపెనీకీ చెందుతుంది, పాత రైతుకు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన విధానం కూడా బొగ్గు అయిపోయిన ఇలాంటి భూములను బొగ్గు, ఇంధన రంగాల నిర్మాణాలకు లీజుకివ్వడం గురించే మాట్లాడింది. నైవేలి దగ్గర వలయమాదేవిలో 2023 జులైలో కాలువ కోసం ఈనిన వరి మీద యంత్రాలు నడిచినప్పుడు రేగిన కోపంలో పరిహారం లెక్క ఒక్కటే లేదు. ఆ పొలం ఇక ఎన్నటికీ తిరిగి రాదన్న ఎరుక కూడా ఉంది. జర్మనీలోని రైన్ ప్రాంతంలో గనిని నింపాక పైన గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న సారవంతమైన లోయెస్ మన్నును మందంగా పరుస్తారు, మొదటి మూడేళ్లు లూసర్న్ గడ్డి వేసి దాని లోతైన వేళ్లతో నేలను గుల్లబారుస్తారు, కంపెనీయే కొన్నేళ్లు సాగుచేసి చూపి ఆ తర్వాత రైతులకు అప్పగిస్తుంది. నైవేలిలో కూడా తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి గని మట్టిలో పంటలు పండించే ప్రయోగాలు జరిగాయి. పంట పండించే విద్య మనకు తెలియనిది కాదు. ఆ నేలను రైతు చేతికి ఇచ్చే మాట చట్టంలో లేకపోవడమే వెలితి.

మన బంధువుల ఊళ్లలో కొత్త గనికో విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉండాలి, సభకు 30 రోజుల ముందే నోటీసు రావాలి. ఉద్యోగాల పేజీ దగ్గరే ఆగిపోకుండా, తవ్వకం పూర్తయ్యాక భూమి వాడుక ఎలా ఉంటుందో చూపే పట్టికను వెతకాలి. దానిలో గుట్టకు ఎన్ని హెక్టార్లు, మిగిలిపోయే గోతికి ఎన్ని, తోటకు ఎన్ని, వ్యవసాయానికి ఎన్ని అన్నది రాసి ఉంటుంది. దాని పక్కనే పైమట్టిని మొదటి ఏడాది ఎంత గీకుతారో, ఎక్కడ ఎంత ఎత్తున పోస్తారో, ఎన్ని నెలల్లో పరుస్తారో అంకెలలో ఉందా అని చూడాలి. ఆ అంకెలు లేకపోతే మైకు ముందు నిలబడి అడగవలసిన మొదటి ప్రశ్న అదే.